తలుపు ఎటువైపు ఉంది?

ప్రతి ఏడూ చలి మొదలైన మొదటి సాయంత్రం, ఐర్లండ్‌లో, గాల్వేలోని నా ఫ్లాట్‌లో హీటరు స్విచ్చి వేస్తాను. వేసవంతా ఊరికే పడి ఉన్న హీటరు. కాసేపటికి దాని లోపల పేరుకున్న దుమ్ము వేడెక్కి, మాడిన వాసన గదంతా కమ్ముకుంటుంది. స్నేహితులెవరైనా వచ్చి ఉంటే ముక్కు మూసుకుని కిటికీ తియ్యవే తల్లీ అంటారు. నేను తియ్యను. నాకది మూర్తి గారి వాసన. అగరువత్తులతోనో మల్లెపూలతోనో గుర్తుకొచ్చే పెద్దవాళ్ళు చాలామందికి ఉంటారు. నాకు మాత్రం మాడిన దుమ్ముతో గుర్తుకొచ్చే గురువు దొరికారు. ఈ మాట ఆయనతో అంటే నవ్వి, పరవాలేదు, అబద్ధం చెప్పడం లేదు అనేవారు.

కరోనా వచ్చిన సంవత్సరం జనవరిలో నేను ఆయన్ని మొదటిసారి చూశాను. డబ్లిన్‌లో ఎం.ఎస్. చదవడానికి వరంగల్ నుంచి వచ్చి అప్పటికి కొన్ని నెలలు. నగరంలో అద్దెలు కట్టలేక, బస్సులో గంటకు పైగా దూరమున్న నేవన్‌లో, ఉష అక్క అనే తెలుగావిడ ఇంట్లో పై అంతస్తు చిన్న గది తీసుకున్నాను. మంచం వేస్తే మనిషి పక్కకి తిరిగి నడవాల్సిన గది అది. అంతకుముందు దాన్ని సామాన్ల గదిగా వాడేవారట. మూలన ఒక పాత ఎలక్ట్రిక్ హీటరు ఉంటే దిగిన రోజే పెట్టాను. వాసన మెట్ల మీదుగా కిందికి పోయింది. ఎవరో ఒక్కో మెట్టు తడుముకుంటూ పైకి వచ్చి, గది గుమ్మంలో నిలబడి, కళ్ళు మూసుకుని గట్టిగా గాలి పీల్చారు. తెల్లగా, సన్నగా, చెవుల దాకా మఫ్లరు చుట్టుకున్న పెద్దాయన. నేను కంగారుపడి, సారీ అంకుల్, ఆపేస్తాను అన్నాను.

"ఆపకు. ఇది మా ప్రొజెక్టరు వాసన. ఇంకోటి, అంకుల్ అనకమ్మా. ఇక్కడికొచ్చాక అందరూ అంకులే అంటున్నారు, నేనెవరో నాకే గుర్తుండటం లేదు. సార్ అను."

తర్వాత నా వైపు కాకుండా నా భుజం పక్కకెక్కడో చూస్తూ, ఇంట్లో ఉండి కోటెందుకు వేసుకున్నావని అడిగారు. చలి సార్ అన్నాను. హీటరు పెట్టుకున్నావు కదా అన్నారు. నిజానికి ఆ దేశంలో దిగినప్పటి నుంచి నేను ఏ గదిలోనూ కోటు తియ్యలేదు. అప్పటికే మూడిళ్ళు మారాను. మళ్ళీ ఎవరు ఎప్పుడు ఖాళీ చెయ్యమంటారోనని సూట్‌కేసు కూడా సగమే విప్పేదాన్ని.

సత్యనారాయణమూర్తి గారు ఉష అక్కకి తండ్రి. విశాఖపట్నంలో ఒక కాలేజీలో చిత్రకళా చరిత్ర చెప్పి రిటైరయ్యారు. భార్య పోయాక కూతురి దగ్గరికి వచ్చారు. ఆయన పాఠాలన్నిటిలో ఆయనకి ప్రాణం అమెరికన్ వాస్తవిక చిత్రకారులు. దేవుళ్ళనీ రాజుల్నీ యుద్ధాల్నీ వదిలేసి, హోటలు గదుల్లో, రైలు పెట్టెల్లో, మనుషులు వెళ్ళిపోయిన కాఫీ హోటళ్ళలో ఒంటరిగా కూర్చున్న మామూలు మనుషుల్ని గీసిన వాళ్ళున్నారని ఆయన చెబితేనే నాకు తెలిసింది. ఊళ్ళో ఒంటరితనం వేరు, నగరంలో ఒంటరితనం వేరు అనేవారు. ఊళ్ళో ఒంటరివాణ్ణి అందరూ వదిలేసి ఉంటారు, నగరంలో ఎవరూ వదిలెయ్యరు, అసలు పట్టుకుంటే కదా వదలడానికి. ఆ మాట విన్నప్పుడు నేను నవ్వాను. ఆ తర్వాత డబ్లిన్ బస్సులో కూర్చుని తల్చుకుంటే మాత్రం నవ్వు రాలేదు.

అన్నేళ్ళు అమెరికా బొమ్మల పాఠం చెప్పిన మనిషి అమెరికా వెళ్ళలేదు. చెప్పిన బొమ్మల్లో ఒక్కదాన్నీ ఎదురుగా నిలబడి చూడలేదు. ఎప్పుడో ఒక అమెరికన్ గ్రంథాలయం వాళ్ళు కాలేజీకి ఇచ్చిపోయిన స్లైడుల పెట్టె, వేడెక్కితే కాలిన దుమ్ము వాసన వేసే ఒక ప్రొజెక్టరు, గోడకి కట్టిన తెల్ల దుప్పటి, ఇదే ఆయన చూసిన అమెరికా. స్లైడులు రంగు వెలిసి ఎర్రబడిపోయినా వాటితోనే నడిపారు. అందులో ఒక బొమ్మ ఉంది, ఆయనకి మిగతావన్నీ ఒక ఎత్తు, అదొక్కటే ఒక ఎత్తు. పెద్దగా పేరు రాని చిత్రకారుడు వేసింది. దానికి ఇంగ్లీషులో ఏదో పొడవాటి పేరుంది కానీ ఆయనా ఆయన శిష్యులూ కోటావిడ అనేవారు. నగరంలో ఒక మేడ మీద ఇరుకు గది. కుర్చీలో ఒకామె, కోటూ టోపీ వేసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంటుంది. ఎడమవైపు కిటికీ, కిటికీలోంచి ఆమె వీపు మీద పడే వెలుగు. కుడివైపు సగం తెరిచిన తలుపు. ఆమె తలుపు వైపు చూస్తూ ఉంటుంది.

"చదువుకున్నవాడి కన్ను ఎడమ నుంచి కుడికి నడుస్తుందమ్మా. వెలుగుతో పాటు లోపలికి వచ్చి, ఆవిణ్ణి దాటి, తలుపులోంచి బయటికి పోతుంది. ఆవిడ వెళ్ళబోతోంది. చూడ్డానికి దిగులు బొమ్మ, లోపల చూస్తే ధైర్యం బొమ్మ."

ఆ ఇంట్లో వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఆయన ఈ పాఠం చెబుతుంటే బొమ్మ ఎదురుగా లేకపోయినా నాకు కనిపించింది. ఆయనకి మాత్రం అప్పటికే ఏదీ సరిగ్గా కనిపించడం లేదు. కంటి వెనక పొర పాడవుతూ వస్తోంది. చూపు నడిమధ్య మసక, చుట్టూ కాస్త వెలుతురు. నెలకోసారి కంట్లో ఇంజక్షన్ వేస్తే ఉన్న చూపు నిలబడుతుందనీ, వెయ్యకపోతే పోతుందనీ డాక్టర్లు చెప్పారు. అందుకే ఉష అక్క ఏప్రిల్‌కి అమెరికా టిక్కెట్లు తీసింది. ఆ బొమ్మ ఉన్న ఊరికి తండ్రిని తీసుకెళ్ళి దాని ముందు నిలబెట్టాలని. ఆయన జీవితంలో ఇంక కోరిందల్లా అదొక్కటే, కళ్ళు పోయేలోపు కోటావిణ్ణి ఒక్కసారి చూడాలని. జనవరిలోనే సూట్‌కేసు సర్దేసుకుని మంచం కింద పెట్టుకున్నారు. రోజూ వేసుకునే చొక్కాలు కూడా అందులోంచే తీసి, ఉతికాక మళ్ళీ అందులోనే పెట్టుకునేవారు. గదిలో ఖాళీ ప్రెస్ ఉంది కదా తాతా అని మనవరాలు అన్వి ఐరిష్ యాసలో అడిగేది. అల్మారాని ఇక్కడ ప్రెస్ అంటారు. ఎలాగూ వెళ్ళేదే కదా అనేవారు ఆయన.

మార్చిలో దేశం మూతపడింది. ఉష అక్క భర్త ఆఫీసు పని మీద జర్మనీ వెళ్ళి అక్కడే చిక్కుకుపోయారు. నా కాలేజీ లాప్‌టాప్‌లోకి వచ్చేసింది. అక్క పొద్దున్నించి సాయంత్రం దాకా ముందుగదిలో హెడ్‌ఫోన్లు పెట్టుకుని మీటింగుల్లో ఉండేది. టీవీలో పోయినవాళ్ళ లెక్కలు చెప్పేవారు. రోడ్ల మీద పోలీసులు, ఇక్కడి మాటలో గార్డ్స్, కార్లాపి ఎక్కడికని అడిగేవారు. మా ఎస్టేటులో, అంటే కాలనీలో, అన్నీ ఒకే అచ్చులో పోసిన ఇళ్ళు. అందరూ తెల్లవారకముందే బస్సెక్కి డబ్లిన్ పోయి చీకటిపడ్డాక వచ్చేవాళ్ళు కాబట్టి, ఏ ఇంట్లో ఎవరున్నారో అప్పటిదాకా ఎవరికీ తెలియదు. ఇప్పుడు ప్రతి కిటికీలో ఒక మనిషి. ఎదురింటి ముసలాయన ఒక్కడే కుర్చీలో కూర్చుని రోడ్డు చూస్తూ ఉండేవాడు. పక్క కిటికీలో ఒకామె పసిపిల్లని ఎత్తుకుని తిరిగేది. ఎవరూ ఎవరినీ పలకరించేవాళ్ళు కాదు. మూర్తి గారు నా గది కిటికీ దగ్గర నిలబడి, ఇదంతా మా సిలబస్సే అన్నారు.

టిక్కెట్లు రద్దయ్యాయి. ఇంజక్షను కూడా వాయిదా పడింది, ఆ తర్వాత మళ్ళీ వాయిదా పడింది. అక్క ఆస్పత్రికి ఫోన్లు చేసి చేసి విసిగిపోయింది. అవతల ఫోను ఎత్తినవాళ్ళు పాపం మర్యాదగానే క్షమించమని చెప్పేవాళ్ళు, వాళ్ళ చేతుల్లో మాత్రం ఏముంది. మూర్తి గారు ఒక మధ్యాహ్నం గుమ్మంలో ఆగి, ఈ తలుపు చట్రం వంకరగా ఉందేమిటి అని అడిగారు. అది నిటారుగానే ఉంది. ఆయన కంట్లో గీతలు వంగడం మొదలైంది. వారం తిరక్కుండానే అన్వి మొహం కనిపించడం మానేసింది. అది తాతా, ఐ యామ్ హియర్ అని ఆయన చెయ్యి పట్టుకుంటే, నువ్వు లేవని ఎవరన్నారు, నీ మొహం ఒక్కటే లేదు అన్నారు నవ్వుతూ. అక్క మీటింగు మధ్యలో లేచి స్నానాలగదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. నాకు కూడా ఏడుపొచ్చింది. ఆయన ఎదుట ఏడిస్తే కనిపించదులే అనుకుని అక్కడే ఏడ్చాను.

అప్పుడే ఆయన నాకు చూడటం నేర్పడం మొదలుపెట్టారు. ఇందులో ఆయన అవసరమూ ఉంది, దాచుకోలేదు. నా కళ్ళు పోతున్నాయి, నీ కళ్ళు ఖాళీగా ఉన్నాయి, కాస్త అద్దెకివ్వు అన్నారు. రోజూ మధ్యాహ్నం కిటికీ దగ్గర కూర్చోబెట్టి బయట ఏముందో చెప్పమనేవారు. నేను మొదటిరోజే, అంతా డిప్రెసింగ్‌గా ఉంది సార్ అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. ముందు ఏముందో చెప్పాలి, ఎలా ఉందో తర్వాత. తలుపు ఎటువైపు ఉంది, వెలుగు ఎటు నుంచి వస్తోంది, మనిషి ఎటు చూస్తున్నాడు. ఈ మూడూ చెప్పాకే దిగులో సంతోషమో చెప్పే హక్కు వస్తుంది. దిగులు ముందు చెబితే ఇంక కళ్ళు పని చెయ్యవు అనేవారు. నాకు ఒళ్ళు మండేది. ఉద్యోగాలు లేవు, ఇంటికి పోదామంటే విమానాలు లేవు, అమ్మ ఫోన్లో రోజూ ఏడుస్తోంది, ఈయనకి తలుపు ఎటుందో కావాలి. కానీ చెయ్యగా చెయ్యగా ఒక సంగతి తెలిసింది. ఎదురింటి ముసలాయన రోడ్డు చూడటం లేదు. గేటు చూస్తున్నాడు. ఎవరో రావాల్సి ఉంది. దిగులుగా ఉన్నాడు అని సరిపెట్టుకున్నన్నాళ్ళూ నాకది కనపడలేదు.

మే నెలలో ఒకరోజు, ఇంక నువ్వు కోటావిణ్ణి చూడొచ్చు అన్నారు. ఆ బొమ్మ ఉన్న మ్యూజియం వాళ్ళ వెబ్‌సైటులో వెతికితే దొరికింది. ఆయన అంతకుముందు ఎప్పుడూ వెతకలేదట. కంఠతా వచ్చిన పద్యానికి పుస్తకం ఎందుకు అన్నారు. నేను వంటింటి బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని, నేర్పిన వరసలోనే మొదలుపెట్టాను. ఎడమ దిక్కు తలుపు ఉంది సార్, సగం తెరిచి ఉంది. ఆయన వెంటనే ఆపి, ఎడమవైపు కిటికీ అన్నారు. మళ్ళీ చూసి, లేదు సార్, కిటికీ కుడి దిక్కు ఉంది అన్నాను. ఆయనకి కోపం వచ్చింది. ఆయనకి కోపం రావడం నేను చూసింది ఆ ఒక్కసారే.

"ఇన్నాళ్ళు నేర్పింది ఇదేనా? చూడకుండా చెప్పకు."

"చూసే చెప్తున్న సార్. నేనెందుకు అబద్ధం చెప్త? తలుపు ఎడమ దిక్కే ఉంది. ఆమె ఎడమకే చూస్తుంది. కిటికీ అవతల బిల్డింగు మీద బోర్డు ఉంది, లాండ్రీ అని మంచిగ చదవొస్తుంది."

బోర్డు మాట వినగానే ఆయన ఆగిపోయారు. ఆ బోర్డు గురించి కూడా ఒక పాఠం ఉందని నాకు తర్వాత తెలిసింది. స్లైడులో ఆ అక్షరాలు చదవడానికి వచ్చేవి కావట. చిత్రకారుడు కావాలనే ఏ భాషకీ చెందని అక్షరాలు వేశాడనీ, నగరం మనిషితో మాట్లాడుతూనే ఉంటుంది కానీ ఏమంటోందో అర్థం కాదనీ ఆయన చెప్పేవారు. పిల్లలు రాసుకునేవారు. అది ఏ భాషో కాదు, ఇంగ్లీషే. అద్దంలో చూసినట్టు తిరగబడిన ఇంగ్లీషు, వెలిసిపోయిన స్లైడులో మసకబారి ఆనవాలు పట్టలేకుండా పోయింది. స్లైడుకి ఏ పక్క ముందో ఏ పక్క వెనకో చెప్పే చిన్న చుక్క ఒకటి అట్ట చట్రం మీద ఉంటుంది. పాత చట్రం విరిగిపోతే ఆయనే కొత్త అట్ట కోసి, ఫిల్ము అందులో పెట్టి అంటించారు. చేరిన తొలి సంవత్సరం ఆయన చేసిన మొదటి మరమ్మతు అది.

ఆ క్షణంలో ఇదంతా ఆయన చెప్పలేదు. బొమ్మని టీవీలో పెట్టమన్నారు. అన్వి వచ్చి పెట్టింది. ఆయన టీవీకి దగ్గరగా వెళ్ళి నిలబడి, మెల్లగా మొహం గోడ వైపు తిప్పారు. చూపు మధ్యలో ఏమీ లేదు కాబట్టి, దేన్నైనా చూడాలంటే దాని నుంచి మొహం తిప్పుకోవాలి. ఒక పక్కకి తిరిగి కంటి చివరతో చూశారు, మళ్ళీ రెండో పక్కకి తిరిగి చూశారు. వెలుగు ఎటుందో ఆ మాత్రం తెలుస్తుంది. జీవితమంతా చూడాలనుకున్న బొమ్మ ముందు ఆయన గోడకేసి చూస్తూ నిలబడ్డారు. "కుడివైపే" అన్నారు. తర్వాత వెళ్ళి తన గదిలో కూర్చున్నారు.

రెండు మూడు రోజులు ఆయన సరిగ్గా తినలేదు. ఓదార్చాలని నేనే వెళ్ళాను. బొమ్మ తిరగేస్తే ఏమైంది సార్, అదే ఆమె, అదే కోటు కదా అన్నాను. అద్దంలో మొహం చూసుకోవడం అలవాటైన మనిషి తన ఫోటో చూసుకుంటే ఎవరిదో మొహంలా ఉంటుంది, అలాంటిదే ఇది అన్నారు. తర్వాత చాలాసేపు మాట్లాడారు. తలుపు ఎడమవైపు ఉంటే మన కన్ను తలుపులోంచి లోపలికి వస్తుంది. ఆవిడతో పాటే వస్తుంది. వచ్చి ఆవిడ దగ్గర ఆగి, కిటికీ దగ్గర ఆగి, ఇంక పోవడానికి దారి ఉండదు. ఆవిడ వెళ్ళడం లేదు, వచ్చింది. ఎవరైనా వస్తారేమోనని తలుపు వైపు చూస్తోంది. కోటు తియ్యమని అనేవాళ్ళు ఎవరూ లేరు కాబట్టి కోటుతోనే కూర్చుంది. ఆయన ఆ మాటలంటుంటే నేను నా కోటు బొత్తాలు పట్టుకుని కూర్చున్నాను. ఆయనకి కనపడలేదు.

మర్నాడు మంచం కింద సూట్‌కేసు బయటికి లాగించారు. బట్టలన్నీ తీసి ప్రెస్‌లో పెట్టమని అన్వికి చెప్పారు. అది ఒక్కో చొక్కా మడతపెట్టి, ఏది ఎక్కడుందో ఆయన చెయ్యి పట్టుకుని తడిమి చూపించింది. ఖాళీ సూట్‌కేసు నేనే అటకెక్కించాను. అమెరికా వెళ్ళడం లేదని ఆయన ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగనూ లేదు.

తప్పు తెలిసింది కాబట్టి చెప్పాలి అన్నారు. పాత శిష్యుల వాట్సాప్ గ్రూపు ఒకటి ఉంది, దీపావళికి సంక్రాంతికి పువ్వుల బొమ్మలు పంపుకునే గ్రూపు. నన్ను ఫోను పట్టుకోమని, మఫ్లరు సర్దుకుని, క్లాసులో నిలబడ్డట్టు లేచి నిలబడి మాట్లాడారు. "నేను మూర్తిని. మీకు కోటావిడ పాఠం చెప్పాను. స్లైడు తిరగేసి పెట్టుకుని చెప్పాను. ఆవిడ వెళ్ళడం లేదు, వచ్చింది. బోర్డు మీద ఉన్నది ఇంగ్లీషే. నేను చెప్పింది తప్పు. మీలో ఎవరైనా ఈ పాఠం చెబుతుంటే సరిచేసుకోండి." అంతే. క్షమించమని గానీ, వయసైపోయిందని గానీ, కళ్ళు పోయాయని గానీ ఒక్క ముక్క లేదు.

జవాబులు వచ్చాయి, దండాలూ గులాబీలూ. మీ వినయం గొప్పది సార్ అని ఒకరు, మీరు ఏం చెప్పినా మాకు వేదమే సార్ అని ఒకరు. నేను చదివి వినిపిస్తుంటే, వేదం కాదురా, స్లైడు అని గొణిగారు. ఎవరూ బొమ్మ తెరిచి చూసినట్టు లేదు. నాకు వాళ్ళ మీద కోపం వచ్చింది. తప్పు ఒప్పుకున్న మనిషికి దండ వేసి పక్కన కూర్చోబెట్టడం మనవాళ్ళకి బాగా వచ్చు. ఆ తప్పేమిటో వినడం మాత్రం ఎవరికీ పట్టదు.

ఒక్కరు మాత్రం ఫోను చేశారు. రమణి అని, ఆయన దగ్గర చాలా ఏళ్ళ కిందట చదువుకున్నావిడ. స్పీకరులో పెట్టాను. ఆమె, కొట్టే భర్త ఇంట్లోంచి ఒక పొద్దున బయటికి వచ్చేశానని, ఆ గడప దాటుతున్నప్పుడు కోటావిడే కళ్ళ ముందుందని చెప్పింది.

"ఆవిడ వెళ్తోందన్నారు సార్. ఆ ఒక్క మాట పట్టుకునే నేనూ వచ్చేశాను. ఇప్పుడు ఆవిడ వెళ్ళలేదంటే, నేనేం పట్టుకోను?"

"నువ్వు వచ్చేశావు కదమ్మా. అది నీ కాళ్ళు చేసిన పని. దానికి నా తప్పుడు స్లైడు సాక్ష్యం అక్కర్లేదు."

ఫోను పెట్టేశాక, చూశారా సార్, మీ తప్పు కూడా మంచే చేసింది అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు. మంచి జరిగినావిడ ఫోను చేసింది, ఆ మాట నమ్మి చెడిపోయినవాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళు ఫోను చెయ్యరు కదా అన్నారు. జీవితంలో నేను చాలామంది నిజాయితీపరుల్ని చూశాను. తన తప్పులోంచి వచ్చిన మంచిని కూడా తన ఖాతాలో వేసుకోని మనిషిని ఆయన్నొక్కరినే చూశాను.

ఇంజక్షను ఆగస్టులో వేశారు కానీ అప్పటికే ఆలస్యమైంది. చూపు చుట్టూ మిగిలిన ఆ కాస్త వెలుతురు కూడా శరత్కాలం వచ్చేసరికి సన్నబడింది. అయినా రోజూ మధ్యాహ్నం కిటికీ పాఠం మానలేదు. ఎదురింటి ముసలాయన గేటు చూడటం మానేశాడని ఒకరోజు చెప్పాను. వచ్చారా, రారని తెలిసిందా అని అడిగారు. తెలియదు సార్, కుర్చీ ఖాళీగా ఉంది అన్నాను. కొన్నాళ్ళకి ఆ ఇంటి ముందు అమ్మకానికి అని బోర్డు లేచింది. దాన్ని మాత్రం నేను ఆయనకి చదివి వినిపించలేదు.

క్రిస్మస్ వెళ్ళిన వారంలో ఆయన మెట్ల మీద పడ్డారు. తుంటి ఎముక విరిగింది. అంబులెన్సు వాళ్ళు గుమ్మం దాకానే రానిచ్చారు, అక్కని కూడా ఎక్కనివ్వలేదు. అవి ఈ దేశంలో ఆస్పత్రులు పట్టనన్ని కేసులు వచ్చిన రోజులు. ఆపరేషన్ బాగానే జరిగింది, తర్వాత వైరస్ పట్టుకుంది. ఎవరినీ చూడనివ్వరు. ఒక నర్సు తన తీరిక చూసుకుని సాయంత్రాలు ఫోను ఆయన చెవి దగ్గర పెట్టేది, అంతా గ్రాండ్ అని మాకు ధైర్యం చెప్పేది. అక్క మాట్లాడేది, అన్వి మాట్లాడేది. చివరిసారి ఆయన నా కోసం అడిగారట. అక్క ఫోను తెచ్చి నా చేతిలో పెట్టింది. నేను పైన గదిలో, మంచం మీద కూర్చుని ఉన్నాను. ఆయన గొంతు బాగా పల్చబడింది, మాటకీ మాటకీ మధ్య ఊపిరి వినిపిస్తోంది.

"చెప్పమ్మా. తలుపు ఎటువైపు ఉంది?"

ఆస్పత్రి గది గురించి అడుగుతున్నారనుకుని ఒక్క క్షణం తికమకపడ్డాను. తర్వాత అర్థమైంది, నా గది గురించి. ఎడమ దిక్కు ఉంది సార్ అన్నాను. కుడి దిక్కు కిటికీ. వెలుగు అటు నుంచే వస్తుంది, కొంచెమే ఉంది. నేను తలుపు దిక్కు చూస్తున్న.

"వెళ్తున్నావా, వచ్చావా?"

ఆ వారమే ఇంటికి పోయే విమానానికి పేరు రాయించుకున్నాను, ఎవరికీ చెప్పలేదు. సగం విప్పిన సూట్‌కేసు మంచం కిందే ఉంది. అబద్ధం చెప్పలేను, నిజమేమిటో తెలియదు. ఊపిరి వినిపిస్తూనే ఉంది, ఆయన ఎదురుచూస్తున్నారు.

"వచ్చిన సార్."

"మరి కోటు తియ్యి."

ఆయనకి ఎలా తెలిసిందో నాకు తెలియదు. ఫోను మంచం మీద పెట్టి కోటు తీశాను. తలుపు వెనక మేకుకి తగిలించి మళ్ళీ ఫోను తీసుకున్నాను. తీసిన సార్ అన్నాను. అవతల నర్సు గొంతు వినిపించింది, ఆయన అలిసిపోయారు, రేపు చేద్దాం అంది. ఆ రేపు రాలేదు.

డబ్లిన్‌లో దహనం. బండి మా ఎస్టేటు మీదుగా తీసుకెళ్ళారు. ఇక్కడి వాళ్ళకి ఒక ఆచారం ఉంది. శవం వెళ్ళే దారిలో ఇళ్ళవాళ్ళు గేట్ల దగ్గరికొచ్చి నిలబడతారు. ఆ ఏడాది అంత్యక్రియలకి మనుషుల్ని రానివ్వరు కాబట్టి ఆ ఆచారం ఒక్కటే మిగిలింది. ఏడాదంతా కిటికీల్లో చూసిన మనుషులు మొదటిసారి తలుపులు తీసుకుని బయటికి వచ్చారు. పసిపిల్లని ఎత్తుకున్న ఆమె కూడా వచ్చింది. ఒకరికొకరు దూరంగా, చలిలో, చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఆయన పేరు వాళ్ళలో ఎవరికీ తెలియదు. నేను అక్క పక్కన కారులో కూర్చుని, తలుపులూ వెలుగూ మనుషులు ఎటు చూస్తున్నారో చూశాను. అందరూ మా వైపే చూస్తున్నారు. అప్పుడు ఏడ్చాను, ఆయన పోయాక అదే మొదలు.

విమానం ఎక్కలేదు. గాల్వేలో ఉద్యోగం దొరికింది, ఇన్నేళ్ళయింది. ఆ బొమ్మ ఉన్న ఊరికి వెళ్ళడానికి ఇప్పుడు నాకు డబ్బుంది, సెలవులున్నాయి, ఇంకా వెళ్ళలేదు. ఆయన చూడలేనిది నేను వెళ్ళి చూడాలంటే కాళ్ళు రావడం లేదు. ఎప్పుడో వెళ్తాను. ఉష అక్క ఫోను చేసినప్పుడల్లా నాన్న ప్రెస్ ఇంకా ఖాళీ చెయ్యలేదే అంటుంది. అందులో అన్వి మడతపెట్టిన చొక్కాలు అలాగే ఉన్నాయట.

నిన్న సాయంత్రం ఈ ఏటికి మొదటిసారి హీటరు వేశాను. వాసన వచ్చింది. బయటి నుంచి వచ్చినదాన్ని, కోటుతోనే గది మధ్యలో నిలబడి ఉన్నాను. ఇంట్లో నేను తప్ప ఎవరూ లేరు, వచ్చేవాళ్ళూ లేరు. ఇదివరకైతే దిగులు అని ఒక్క మాట చెప్పి ఊరుకునేదాన్ని. తలుపు ఎడమవైపు ఉంది. వెలుగు కుడివైపు కిటికీలోంచి వస్తోంది, కొంచెమే ఉంది. కోటు తీసి తగిలించాను.